ఫోన్ స్లో అయిందంటే అసలు ఎక్కడ ఆగుతోంది?

2025 చివరి నుంచి మెమరీ చిప్‌ల ధరలు ప్రపంచమంతటా పెరిగాయి. ఏఐ డేటా సెంటర్లకు కావాల్సిన చిప్‌ల వైపు కంపెనీలు ఉత్పత్తిని మళ్లించడంతో ఫోన్లలో వాడే ర్యామ్‌కీ, స్టోరేజ్‌కీ కటకట వచ్చింది. ఆ దెబ్బ ఎక్కువగా తగిలేది చవక ఫోన్లకే. వాటి తయారీ ఖర్చులో మెమరీ వాటా పెద్దది మరి. కొత్త ఫోన్ ధర చూశాక "ఇంకో ఏడాది దీంతోనే లాగిద్దాం" అనుకోవడం సహజం. అలా లాగించాలంటే చేతిలో ఉన్న ఫోన్ సహకరించాలి.

అది హ్యాంగ్ అవుతోందని చెప్పగానే సలహాలకు కొదవ ఉండదు. యాప్స్ అన్నీ క్లోజ్ చెయ్యమని ఒకరు, క్యాష్ క్లియర్ చెయ్యమని ఒకరు, క్లీనర్ వేసుకోమని ఇంకొకరు, ఫార్మాట్ కొట్టిస్తే పోతుందని మరొకరు. అప్‌డేట్ మాత్రం చెయ్యొద్దని అందరూ. వీటిలో కొన్ని పనిచేస్తాయి, కొన్నిటివల్ల ఏమీ జరగదు, కొన్ని ఉన్న నెమ్మదిని ఇంకా పెంచుతాయి. ఏది ఏదో తెలియాలంటే, "స్లో" అనే ఒక్క మాట కింద మనం కలిపేస్తున్న వేర్వేరు ఇబ్బందుల్ని ముందు విడదీసుకోవాలి.

## నాలుగు మాటలు, నాలుగు చోట్లు

ప్రాసెసర్ లెక్కలు చేసే చిప్. ర్యామ్ అంటే ప్రస్తుతం నడుస్తున్న యాప్‌లు ఉండే చోటు. ఫోన్ ఆఫ్ చేస్తే ర్యామ్‌లో ఉన్నదంతా పోతుంది. స్టోరేజ్ అంటే ఫొటోలు, వీడియోలు, యాప్‌లు శాశ్వతంగా ఉండే చోటు. పెట్టె మీద "4 జీబీ + 64 జీబీ" అని రాస్తే మొదటిది ర్యామ్, రెండోది స్టోరేజ్. క్యాష్ అంటే ఒక యాప్ మళ్లీ మళ్లీ అవసరమయ్యే బొమ్మల్నీ, పేజీల్నీ ప్రతిసారీ నెట్ నుంచి తెచ్చుకోకుండా స్టోరేజ్‌లో దాచుకున్న కాపీలు.

వీటిలో ఏది ఇబ్బంది పడినా మనకు కనిపించేది ఒకటే, వేలు పెట్టిన వెంటనే స్క్రీన్ స్పందించకపోవడం. కానీ కాస్త గమనిస్తే లక్షణాలు వేరుగా ఉంటాయి. కెమెరా తెరుచుకుంటుంది గానీ ఫొటో తీశాక "సేవింగ్" అని తిరుగుతూనే ఉంటే, గ్యాలరీలో బొమ్మలు బూడిదరంగు గడుల్లా కనిపించి ఒక్కొక్కటే తేలుతుంటే స్టోరేజ్‌ని అనుమానించాలి. వాట్సాప్ నుంచి బ్రౌజర్‌కి వెళ్లి తిరిగొచ్చేసరికి వాట్సాప్ మళ్లీ మొదటినుంచి తెరుచుకుంటే ర్యామ్ చాలట్లేదు. పొద్దున బాగానే ఉండి మధ్యాహ్నం ఎండలో మొరాయిస్తే వేడి. ఛార్జింగ్ 30 శాతం ఉండగానే హఠాత్తుగా ఆఫ్ అయిపోతుంటే బ్యాటరీ.

ఐదోది చాలాసార్లు ఫోన్‌లో ఉండదు. యూపీఐ చెల్లింపు దగ్గర చక్రం తిరుగుతూ ఉంటే షాపులో వెనక నిలబడ్డవాళ్లు "ఫోన్ మార్చండి సార్" అంటారు. అక్కడ ఆలస్యం సిగ్నల్‌ది కావచ్చు, బ్యాంకు సర్వర్‌ది కావచ్చు. ఇది తేల్చుకోవడం సులువు: నెట్ అవసరం లేని కాలిక్యులేటర్, డయలర్, గ్యాలరీ చకచకా తెరుచుకుంటే ఫోన్‌లో లోపం లేదు. ఈ పరీక్ష చెయ్యకుండానే ఫోన్లు మార్చేసేవాళ్లున్నారంటే బాధనిపిస్తుంది, ఎందుకంటే కొత్త ఫోన్‌లోనూ అదే సిగ్నల్, అదే చక్రం.

## స్టోరేజ్ నిండితే వేగం ఎందుకు తగ్గుతుంది

చాలామందికి నమ్మబుద్ధి కాని విషయం ఇదే. బీరువా నిండితే కొత్త బట్టలు పట్టవు, అంతే కదా, వేగానికేం సంబంధం అనిపిస్తుంది. సంబంధం ఫ్లాష్ మెమరీ, అంటే ఫోన్ స్టోరేజ్‌లో ఉండే చిప్, పనిచేసే తీరులో ఉంది.

ఫ్లాష్ మెమరీలో డేటాను "పేజీలు" అనే చిన్న చిన్న గడుల్లో రాస్తారు. కానీ చెరపడం మాత్రం గడి గడికీ కుదరదు. వందల పేజీలున్న "బ్లాక్" మొత్తాన్ని ఒకేసారి చెరపాలి. పైగా ఒకసారి రాసిన పేజీ మీద చెరపకుండా మళ్లీ రాయడానికి వీల్లేదు. ఇడ్లీ రేకు ఇలాంటిదే. పిండిని గుంటగుంటకీ విడిగా పోస్తాం, కడిగేటప్పుడు మాత్రం రేకంతా కడగాలి. ఇంకా రెండు ఇడ్లీలు మిగిలి ఉంటే వాటిని ముందు వేరే రేకులోకి మార్చాలి. ఖాళీ రేకులు ఐదారు ఉంటే ఈ పని వెనకాల దానంతటదే సాగిపోతుంది. అన్నీ నిండి ఉంటే మాత్రం కొత్త పిండి పోయాలన్న ప్రతిసారీ ఇవి అటు, అవి ఇటు మార్చి, కడిగి, అప్పుడు పోయాలి. నిండిన ఫోన్‌లో ఒక్క ఫొటో సేవ్ చేయడం వెనక జరిగేది అచ్చం ఇదే. ఆ సర్దుబాటు అయ్యేదాకా స్టోరేజ్ కోసం ఎదురుచూసే మిగతా యాప్‌లన్నీ ఆగుతాయి. మనం దాన్ని హ్యాంగ్ అంటాం.

గూగుల్ తన ఆండ్రాయిడ్ సహాయ పేజీల్లో ఇచ్చిన హద్దు ఒకటుంది: ఖాళీ 10 శాతం కంటే తగ్గితే ఫోన్‌కి ఇబ్బందులు మొదలుకావచ్చు. 64 జీబీ ఫోన్‌లో అది 6 జీబీ చిల్లర.

ఫోన్ అక్కడిదాకా ఎలా వస్తుందో ఒక లెక్క వేద్దాం. ఒకరు ఐదు వాట్సాప్ గ్రూపుల్లో ఉన్నారనుకోండి: చుట్టాలది, అపార్ట్‌మెంట్‌ది, టెన్త్ బ్యాచ్‌ది, ఆఫీసుది, గుడిది. అన్నిట్లో కలిపి రోజుకు 100 బొమ్మలు, ఒక్కోటి 200 కేబీ చొప్పున 20 ఎంబీ. పది వీడియోలు, ఒక్కోటి 8 ఎంబీ చొప్పున 80 ఎంబీ. మొత్తం రోజుకు 100 ఎంబీ, నెలకు 3 జీబీ, ఏడాదికి 36 జీబీ. 64 జీబీలో సిస్టమ్‌కీ, యాప్‌లకీ ఓ 25 జీబీ పోతే మిగిలేది 39. అంటే తను ఒక్క ఫొటో కూడా తీసుకోకుండానే ఏడాది తిరిగేసరికి ఆ ఫోన్ హద్దు దాటేస్తుంది.

ఈ లెక్క ఊహే అయినా, ఇబ్బంది ఊహ కాదు. మన దేశంలో ఫోన్లు ఎందుకు ఆగిపోతున్నాయని గూగుల్ పరిశోధకులు వెతికితే పొద్దున్నే పంపుకునే గుడ్‌మార్నింగ్ బొమ్మలు ఒక పెద్ద కారణంగా తేలాయని 2018 జనవరిలో వాల్‌స్ట్రీట్ జర్నల్ రాసింది. అంతకు నెల ముందే వచ్చిన గూగుల్ ఫైల్స్ గో యాప్‌లో అలాంటి బొమ్మల్ని గుర్తించి ఒకేసారి తీసేసే ఏర్పాటు పెట్టారు. పువ్వులూ సూర్యోదయం ఉన్న ఆ బొమ్మ పంపే పెద్దవాళ్లను తప్పుపట్టాల్సిన పని లేదు. వాట్సాప్‌లో ఆటోడౌన్‌లోడ్ ఆపేస్తే బొమ్మ నొక్కినప్పుడే దిగుతుంది. పలకరింపూ ఉంటుంది, స్టోరేజూ ఉంటుంది.

ఇక్కడ ఇంకో విషయం. మనం ఫైల్ డిలీట్ చేసినా ఆ పేజీలు ఇక అక్కర్లేదని స్టోరేజ్ చిప్‌కి వెంటనే తెలియదు. ఆ సంగతి చెప్పే ఆదేశాన్ని ట్రిమ్ అంటారు. 2012లో వచ్చిన నెక్సస్ 7 టాబ్లెట్ కొన్ని నెలలకే బాగా నెమ్మదించిందని విపరీతంగా ఫిర్యాదులొచ్చాయి. 2013 జులైలో ఆండ్రాయిడ్ 4.3తో ట్రిమ్ సదుపాయం వచ్చాక పరిస్థితి మెరుగుపడింది. అప్పటినుంచీ ఆండ్రాయిడ్ ఫోన్లు ఈ పనిని ఎవరూ వాడని సమయంలో, ముఖ్యంగా రాత్రి ఛార్జింగ్‌లో ఉన్నప్పుడు చేసుకుంటాయి. అందుకే 20 జీబీ వీడియోలు తీసేసిన ఐదు నిమిషాలకే తేడా కనబడకపోవచ్చు, మర్నాటికి కనబడుతుంది.

స్టోరేజ్‌లోనూ జాతులున్నాయి. చవక ఫోన్లలో ఎక్కువగా ఉండేది ఈఎంఎంసీ, కాస్త పై ధరలో యూఎఫ్ఎస్. ఈఎంఎంసీ 5.1 దారిలో సెకనుకు గరిష్ఠంగా 400 ఎంబీ వెళ్లగలదు, అదీ ఒక సమయంలో చదవడమో రాయడమో ఏదో ఒకటే. యూఎఫ్ఎస్ 2.2లో ఆ గరిష్ఠం సుమారు 1,200 ఎంబీ, 3.1లో 2,900 ఎంబీ, పైగా చదవడం రాయడం రెండూ ఏకకాలంలో సాగుతాయి. ఒక యాప్ అప్‌డేట్ అవుతుండగా ఫోన్ మొత్తం బిగుసుకుపోయిందంటే అది బహుశా ఈఎంఎంసీ ఫోనే.

## యాప్‌లు క్లోజ్ చేస్తే ఏమవుతుంది

రీసెంట్స్ బటన్ నొక్కి ఒక్కో యాప్‌నీ పైకి తోసేయడం చాలామందికి చేతి అలవాటు. ర్యామ్ ఖాళీ అయితే ఫోన్ చురుగ్గా ఉంటుందన్న నమ్మకం దాని వెనక ఉంది. కంప్యూటర్ల రోజుల నుంచి వచ్చిన నమ్మకం అది.

ఫోన్‌లో ఖాళీగా ఉన్న ర్యామ్ వల్ల ఒరిగేదేం లేదు. వాడి పక్కన పెట్టిన యాప్‌ని ఆండ్రాయిడ్ ర్యామ్‌లో నిద్రపుచ్చి ఉంచుతుంది, మళ్లీ తెరిస్తే ఆగిన చోటే తెరుచుకోవాలని. చోటు చాలకపోతే ఏ యాప్‌ని ముందు తీసేయాలో తేల్చే ఏర్పాటు సిస్టమ్‌లోనే ఉంది. మనం తోసేస్తే, పది నిమిషాల తర్వాత అదే యాప్‌ని స్టోరేజ్ నుంచి మొత్తం లేపాలి. దానికి ప్రాసెసర్ ఎక్కువ పని చేయాలి, బ్యాటరీ ఎక్కువ ఖర్చవ్వాలి. 2016లో ఆపిల్ సాఫ్ట్‌వేర్ అధిపతి క్రెయిగ్ ఫెడెరిగీ, అప్పట్లో గూగుల్‌లో ఆండ్రాయిడ్ బాధ్యత చూసిన హిరోషి లాక్‌హైమర్ ఇద్దరూ ఇంచుమించు ఒకే సమయంలో చెప్పింది ఇదే, బ్యాటరీ కోసం యాప్‌లు మూసేయడం అనవసరమని.

అయితే మూసేయాలనేవాళ్ల వాదనలో కూడా కొంత నిజముంది. బిగుసుకుపోయిన యాప్‌ని మూసి తెరవడం సరైన పనే. వెనకాల లొకేషన్ తీసుకుంటూనే ఉండే యాప్‌నీ మూయవచ్చు. 3 జీబీ ర్యామ్ ఫోన్‌లో పెద్ద గేమ్ పక్కన పెట్టి వీడియో కాల్ మాట్లాడాలంటే గేమ్ మూస్తే కాల్ సాఫీగా మొదలవుతుంది. తేడా ఎక్కడంటే, ఇబ్బంది పెడుతున్న యాప్ ఒకదాన్ని మూయడం వేరు, రోజుకు ఇరవైసార్లు అన్నిటినీ ఊడ్చేయడం వేరు.

క్లీనర్, బూస్టర్ యాప్‌లు ఆ ఊడ్చే పనినే మీటనొక్కుడుగా అమ్ముకున్నాయి. "1.2 జీబీ విడుదలైంది" అని పచ్చరంగులో చూపిస్తే సంతోషంగానే ఉంటుంది. క్షణాల్లో ఆ యాప్‌లు మళ్లీ లేస్తాయి, క్లీనర్ తానే ఇంకో యాప్‌గా వెనకాల నడుస్తుంది, మధ్యలో యాడ్స్. ఈ రకంలో బాగా పేరున్న క్లీన్ మాస్టర్‌ని తయారుచేసిన చీతా మొబైల్ యాప్‌లను గూగుల్ 2020 ఫిబ్రవరిలో ప్లే స్టోర్ నుంచి తీసేసింది. అదే ఏడాది జూన్ 29న కేంద్రం నిషేధించిన 59 చైనా యాప్‌ల జాబితాలోనూ అది ఉంది. ఆండ్రాయిడ్ 14 నుంచైతే ఒక యాప్ ఇతర యాప్‌ల పనిని వెనకాల ఆపేయడానికి వాడుకునే దారినే మూసేశారు. ఆ దారిలో ఇప్పుడు తన పనిని మాత్రమే ఆపుకోగలదు. బూస్టర్ అని ఇప్పటికీ అమ్ముతున్నది అంటే ఏమి అమ్ముతున్నట్టో ఆలోచించాలి.

"వర్చువల్ ర్యామ్" సంగతి కొంచెం సున్నితం. 4 జీబీ ఫోన్‌ని "8 జీబీ వరకు" అని ప్రకటనల్లో చూపిస్తారు. అదనంగా వచ్చే ఆ 4 జీబీ స్టోరేజ్‌లోంచి తీసుకున్నదే. నిజమైన ర్యామ్ చవక ఫోన్‌లో కూడా సెకనుకు 10,000 ఎంబీ పైనే అందిస్తుంది, ఈఎంఎంసీ గరిష్ఠం 400. కనీసం 25 రెట్ల తేడా. వేగవంతమైన యూఎఫ్ఎస్ ఉన్న ఫోన్‌లో, నిద్రపోతున్న యాప్‌లను ఇంకొన్నిటిని అట్టిపెట్టడానికి ఇది పనికొస్తుంది. ఇప్పటికే నిండిపోయిన ఈఎంఎంసీ ఫోన్‌లో మాత్రం అలసిన స్టోరేజ్ మీదే ఇంకో భారం పెట్టినట్టు. అలాంటి ఫోన్‌లో దీన్ని ఆఫ్ చేస్తేనే హుషారుగా కదలడం కద్దు.

## బ్యాటరీకీ వేగానికీ ముడి ఎలా పడింది

కంపెనీలు పాత ఫోన్లను కావాలనే నెమ్మది చేస్తాయా? ఈ ప్రశ్నకు ఒక రుజువు ఉంది, కానీ అది కనిపించినంత సూటిగా లేదు.

2017 డిసెంబర్‌లో గీక్‌బెంచ్ అనే వేగ పరీక్షను తయారుచేసే ప్రైమేట్ ల్యాబ్స్‌కి చెందిన జాన్ పూల్, ఐఫోన్ 6ఎస్, ఐఫోన్ 7ల ఫలితాలను ఐఓఎస్ (ఐఫోన్ సిస్టమ్) వెర్షన్ల వారీగా పేర్చి చూపించారు. కొన్ని వెర్షన్లలో వేగం మెట్లుమెట్లుగా దిగింది. మామూలుగా పాతబడితే మెట్లు ఉండవు, ఎవరో హద్దు పెడితేనే ఉంటాయి. రెండు రోజుల్లో ఆపిల్ ఒప్పుకుంది.

కంపెనీ చెప్పిన కారణం ఇది. లిథియం అయాన్ బ్యాటరీ ముసలిదయ్యేకొద్దీ దానిలో నిరోధం పెరుగుతుంది. ప్రాసెసర్ ఒక్కసారిగా ఎక్కువ కరెంట్ లాగితే వోల్టేజ్ పడిపోయి ఫోన్ ఆఫ్ అవుతుంది. ఆ ఆఫ్ అవడాన్ని ఆపడానికి, ప్రాసెసర్ ఒక్కసారిగా లాగకుండా కళ్లెం వేశాం. ఇంజినీరింగ్‌గా చూస్తే ఇది తప్పు కాదు. ఆసుపత్రికి ఫోన్ చేస్తున్నప్పుడు ఆఫ్ అయ్యే ఫోన్ కంటే నెమ్మదిగా ఉండే ఫోనే నయం. కానీ ఆ సంగతి వాడేవాళ్లకు చెప్పలేదు. చెప్పి ఉంటే, వాళ్లు బ్యాటరీ ఒక్కటి మార్పించి అదే ఫోన్‌ని మళ్లీ పూర్తి వేగంతో వాడుకునేవారు. చెప్పకపోవడంతో ఎంతోమంది ఫోనే మార్చేశారు. నా దృష్టిలో అసలు అన్యాయం అదే.

ఆపిల్ క్షమాపణ చెప్పి, బ్యాటరీ మార్పిడి ధరను అమెరికాలో 79 డాలర్ల నుంచి 29కి తగ్గించింది. 2018 మార్చిలో ఐఓఎస్ 11.3తో బ్యాటరీ హెల్త్ చూపించడం మొదలుపెట్టింది. ఫ్రాన్స్ 2020లో 2.5 కోట్ల యూరోల జరిమానా వేసింది, సమాచారం దాచినందుకు. ఇటలీ 2018 అక్టోబర్‌లోనే ఆపిల్‌కి కోటి యూరోలు, శాంసంగ్‌కి 50 లక్షల యూరోలు వేసింది. శాంసంగ్ విషయంలో ఆరోపణ, గెలాక్సీ నోట్ 4కి మోయలేని కొత్త ఆండ్రాయిడ్‌ని ఎక్కించమని ప్రోత్సహించిందని.

## ఎండాకాలం ఫోన్

ప్రాసెసర్ ఒక హద్దు దాటి వేడెక్కితే తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. ఇది లోపం కాదు, రక్షణ. ఐఫోన్లను 0 నుంచి 35 డిగ్రీల వాతావరణంలో వాడమని ఆపిల్ చెబుతుంది. మేలో రెంటచింతలలోనో రామగుండంలోనో నీడలోనే 44, 45 డిగ్రీలు. బైక్ హ్యాండిల్‌కి బిగించిన ఫోన్ మీద నేరుగా ఎండ పడుతూ, బ్రైట్‌నెస్ పూర్తిగా పెట్టి, మ్యాప్ నడుస్తూ, పవర్‌బ్యాంక్‌తో ఛార్జ్ అవుతుంటే నాలుగు వైపుల నుంచి వేడి కలుస్తుంది. ఆ ఫోన్ డెలివరీ కుర్రాడి జీవనాధారం. ఆర్డర్ ఒప్పుకునే బటన్ రెండు సెకన్లు ఆలస్యమైతే నష్టం అతనిది. ఈ నెమ్మదికి క్యాష్ క్లియర్ చేసినా, ఫార్మాట్ కొట్టినా ఫలితం శూన్యం. నీడ, గాలి, ఛార్జింగ్ తీసేయడం, ఇవే పనిచేస్తాయి. ఆ వేడి బ్యాటరీని ముందే ముసలిదాన్ని చేస్తుంది కూడా, కాబట్టి ఎండాకాలం దెబ్బ వానాకాలంలోనూ కనబడుతుంది.

## అప్‌డేట్ మీద రెండు వాదనలు

అప్‌డేట్ చేశాకే స్లో అయిందనే మాటలో అబద్ధం లేదు, కానీ దానిలో రెండు దశలున్నాయి. మొదటి ఒకటి రెండు రోజులు సిస్టమ్ యాప్‌లన్నిటినీ కొత్త వెర్షన్‌కి అనువుగా మళ్లీ తయారుచేసుకుంటుంది. ఆ పని కూడా చాలావరకు ఛార్జింగ్‌లో ఊరికే ఉన్నప్పుడే జరుగుతుంది. అది తాత్కాలికం. వారం దాటినా తేరుకోకపోతే, కొత్త వెర్షన్ ఆ ఫోన్ ర్యామ్‌కీ స్టోరేజ్‌కీ బరువైందని అర్థం.

అప్‌డేట్ వద్దనేవాళ్లు ఈ రెండో దశను చూపిస్తారు. చెయ్యాలనేవాళ్లు భద్రతను చూపిస్తారు: బ్యాంకు యాప్, యూపీఐ ఉన్న ఫోన్‌లో తెలిసిన కన్నాలను పూడ్చకుండా వదిలేయడం ప్రమాదం. ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టేసే వాదనలు కావు. నెలనెలా వచ్చే సెక్యూరిటీ అప్‌డేట్ చిన్నది, వేగాన్ని పెద్దగా ముట్టుకోదు. ఆండ్రాయిడ్ 13 నుంచి 14కి వెళ్లడం లాంటిది పెద్దది. 3 జీబీ ర్యామ్ ఫోన్ ఉన్నవాళ్లు రెండోదాని దగ్గర ఆగి ఆలోచించడంలో తర్కం ఉంది, మొదటిదాన్ని ఆపడంలో లేదు.

అసలు బరువు చాలాసార్లు సిస్టమ్‌ది కూడా కాదు, యాప్‌లది. మీ ఫోన్ మారకపోయినా మీరు వాడే షాపింగ్ యాప్, వీడియో యాప్ ఏటా పెరుగుతూనే ఉన్నాయి. చిన్న ఫోన్ల కోసం తెచ్చిన యూట్యూబ్ గోని గూగుల్ 2022 ఆగస్టులో ఆపేసింది, మామూలు యాప్‌నే చిన్న ఫోన్లకు తగ్గట్టు మెరుగుపరిచామని చెప్పి. 2 జీబీ ఫోన్‌లో ఆ రెండూ వాడినవాళ్లకు తేడా తెలుసు.

## ఫార్మాట్ కొడితే ఎందుకు బాగవుతుంది, ఎందుకు నిలవదు

ఫ్యాక్టరీ రీసెట్ వల్ల స్టోరేజ్ దాదాపు ఖాళీ అవుతుంది, ఏళ్లుగా పేరుకున్న యాప్‌లు పోతాయి. అందుకే మొదటి వారం కొత్త ఫోన్‌లా ఉంటుంది. బ్యాకప్ నుంచి అవే 90 యాప్‌లు, అవే వాట్సాప్ వీడియోలు తిరిగి దించుకుంటే రెండో నెలకి పాత కథే. అరిగిన బ్యాటరీ, చిన్న ర్యామ్ రీసెట్‌తో మారవు. బ్యాకప్ లేని ఫొటోలు పోవడం, బ్యాంకు యాప్‌లన్నీ మళ్లీ రిజిస్టర్ చేసుకోవడం దీనికి చెల్లించే ధర. అంత చేయకుండానే 20 జీబీ ఖాళీ చేసి, వాడని యాప్‌లు తీసేసి చూస్తే ఆ లాభంలో చాలాభాగం దొరుకుతుంది.

క్యాష్ క్లియర్ చేయడం దీనికి చిన్న తమ్ముడు. చోటు మరీ తక్కువైతే ఊరట ఇస్తుంది, కానీ యాప్ మళ్లీ అవే బొమ్మలు తెచ్చుకోవాలి కాబట్టి ముందు కొంచెం నెమ్మదిస్తుంది. దాని పక్కనే ఉండే "క్లియర్ డేటా" మాత్రం వేరు, అది లాగిన్‌తో సహా అన్నీ తుడిచేస్తుంది. డెవలపర్ ఆప్షన్స్‌లో యానిమేషన్‌ను సగానికి తగ్గించే చిట్కా గురించి కూడా అడుగుతుంటారు. దానివల్ల ప్రాసెసర్ వేగం పెరగదు, తెర జరిగే వ్యవధి తగ్గుతుంది. కంటికి హాయిగా ఉంటుంది, నష్టమేమీ లేదు.

## కొనేటప్పుడే తెలియాల్సినవి

యూరప్‌లో 2025 జూన్ 20 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనల ప్రకారం ఫోన్ బ్యాటరీ 800 ఛార్జింగ్ సైకిళ్ల తర్వాత కూడా కనీసం 80 శాతం సామర్థ్యం నిలుపుకోవాలి. ఆ మోడల్ అమ్మకం ఆపేశాక కనీసం ఐదేళ్లు సిస్టమ్ అప్‌డేట్లు అందుబాటులో ఉండాలి. మన దగ్గర వినియోగదారుల వ్యవహారాల శాఖ నియమించిన కమిటీ, ఫోన్లకు మరమ్మతు సులువును బట్టి మార్కులిచ్చే రిపేరబిలిటీ ఇండెక్స్ మీద 2025 మేలో నివేదిక ఇచ్చింది. విడిభాగాలు దొరకడం, విప్పడంలో తేలిక, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు ఆ మార్కులకు ప్రాతిపదికలు.

మెమరీ ధరలు ఈ స్థాయిలో ఉన్నప్పుడు నాకు మరీ అవసరం అనిపించే వివరం ఇంకొకటుంది. 128 జీబీ అని పెట్టె మీద పెద్దక్షరాల్లో ఉంటుంది. అది ఈఎంఎంసీనా, యూఎఫ్ఎస్‌నా అన్నది చాలా చవక ఫోన్ల పెట్టెల మీద కనిపించదు, దుకాణంలో అడిగినా చెప్పేవాళ్లు తక్కువ. కంపెనీ వెబ్‌సైట్‌లో స్పెసిఫికేషన్ల పేజీ కిందిదాకా దిగితే స్టోరేజ్ రకం అన్న వరుసలో దొరకవచ్చు. ఒకే ధరలో రెండు ఫోన్ల మధ్య ఊగిసలాడుతుంటే కెమెరా మెగాపిక్సెళ్ల కంటే ముందు చూడాల్సింది ఆ వరుసనే.